పగలు పడుకునేవాడికి రాత్రి ఎప్పుడు?

రాత్రిపాళీ ముగించుకొని ఉదయం ఎనిమిది గంటలకు ఖోలీకి చేరిన సాంచా కార్మికుడు తొమ్మిదింటికైనా కన్ను మూయాలి. సాయంత్రం మళ్ళీ పన్నెండు గంటల పాళీ ఎక్కాలి. కానీ అతను పక్క మీద వాలేసరికి గల్లీ చివర పందిట్లో మైకు మొదలవుతుంది. అది ఆగితే ఎదుట కడుతున్న బిల్డింగులో రాయి కోసే మిషను మొదలు. కింది అంతస్తులో సాంచాల చప్పుడు ఎలాగూ ఆగదు. భివండీలో బతుకుతున్న మాలో ఈ బాధ ఎరగనివాడు లేడు.

కార్మిక సోదరులారా! చప్పుడు గొడవ ఫ్లాట్లలో ఉండేవాళ్ళ సుకుమారం అని మనలో చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. నిద్రలేనివాడు రాత్రి సాంచా దగ్గర తూలుతాడు. ఒక్క క్షణం కునుకుకు పోయేది మన వేలు. ఆ తర్వాత పోయేది మన కూలి. కాబట్టి ఇది మన పని గొడవే, మన ఒంటి గొడవే.

పోయిన ఏడు పండుగ రోజుల్లో రాత్రిపాళీ వాళ్ళం నలుగురం ఒక పోలీసు ఠాణాకు వెళ్ళి మైకు తగ్గించమని అడిగాం. “పగలే కదా, రాత్రి పది కాలేదు కదా” అని తిప్పి పంపారు. మేమూ నిజమే కాబోలనుకొని తలవంచుకొని వచ్చాం. తర్వాత చట్టం చదివించుకొని చూస్తే, ఆ జవాబు తప్పని తెలిసింది.

శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు దేశమంతటికీ 2000 సంవత్సరంలో వచ్చాయి. ముంబయికి ఏవో భివండీకీ అవే. ఊరిని నాలుగు రకాల ప్రాంతాలుగా విడదీశారు. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75 డెసిబెల్లు, రాత్రి 70. వ్యాపార ప్రాంతంలో 65, 55. నివాస ప్రాంతంలో 55, 45. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అక్కడ 50, 40. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. ఆ వేళ ఆరుబయట మైకు పెట్టరాదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ రాత్రి నిషేధాన్ని గట్టిగా అమలు చేయమని చెప్పింది. నివాస ప్రాంతాల్లో రాత్రివేళ పెద్ద చప్పుడు చేసే కట్టడపు యంత్రాలు నడపరాదని 2010లో చేర్చారు.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది పగటి సంగతి. పగలైనా సరే, రాతపూర్వకమైన అనుమతి లేకుండా మైకు పెట్టరాదు. అనుమతి ఉన్నా, బహిరంగ స్థలం హద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితి కన్నా 10 డెసిబెల్లకు మించి పెరగరాదు. ఎక్కడైనా 75 దాటరాదు. అంటే నివాస ప్రాంతంలో పగలు 65 లోపే. ఇది చట్టం మాట. మరి “పది కాలేదు కదా” అన్న జవాబుకు విలువేమిటి? పగలు అంటే హద్దు లేని వేళ అని ఏ చట్టంలోనూ లేదు.

అయినా ఒక లోటు ఉన్నది, అది ఒప్పుకోవాలి. చట్టం రాత్రిని గడియారం చూసి లెక్కబెట్టింది, మనిషి నిద్రను చూసి కాదు. పగలు నిద్రపోయే మిల్లు కార్మికుడికి, ఆసుపత్రి నర్సుకు, వాచ్‌మన్‌కు రక్షణ సగమే దొరికింది.

ఇక సాంచాల మాట. ఇళ్ళ మధ్య సాంచాలు, సాంచాల మీద ఇళ్ళు ఉన్న ఊరు మనది. చప్పుడు గురించి నోరెత్తితే సేఠు అంటాడు: “షెడ్డు మూయిస్తారు, మీ పనే పోతుంది.” ఈ బెదిరింపుకు మనం లొంగనక్కర లేదు. షెడ్డు మూయమని ఎవరూ అడగడం లేదు. కదిలే సాంచాకు కింద రబ్బరు దిమ్మలు వేయడం, అరిగిన పళ్ళచక్రాలు మార్చడం, ఇళ్ళ వైపు కిటికీలు కట్టి గాలికి వేరే దారి ఇవ్వడం సేఠు చేయవలసిన పనులు. ఖర్చు తప్పించుకోవడానికి మన కూలిని అడ్డం పెట్టుకుంటున్నాడు.

ఇళ్ళూ సాంచాలూ కలిసిపోయిన పేట ఏ రకం ప్రాంతం? కలగలుపు ప్రాంతాన్ని నాలుగింటిలో ఏదో ఒకటిగా ప్రకటించవచ్చునని నియమాల్లో ఉన్నది. పారిశ్రామికం అంటే మన పిల్లలు చదివే గదిలో 75 వరకు చెల్లుతుంది. నివాసం అంటే 55. ఒక్క మాటతో 20 డెసిబెల్ల తేడా. పది డెసిబెల్లు పెరిగితే శబ్దశక్తి పదింతలు, ఇరవై పెరిగితే నూరింతలు. ఇంత పెద్ద నిర్ణయం మనల్ని అడగకుండా కాగితాల్లో జరిగిపోకూడదు.

షెడ్డు లోపల సంగతి ఇంకా ఘోరం. పాత సాంచాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్లు దాటడం మామూలు. ఫ్యాక్టరీ నియమాల లెక్క ప్రకారం 90 దగ్గర 8 గంటలు, 95 దగ్గర 4 గంటలు, 100 దగ్గర 2 గంటలే ఉండవచ్చు. మన పన్నెండు గంటల పాళీకి ఆ పట్టికలో గడే లేదు! చప్పుడు వల్ల వచ్చే చెవుడు 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే వృత్తి వ్యాధిగా చేరింది. కానీ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో, కరెంటుతో నడిచే చోట 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. 1948 చట్టం ప్రకారమైతే 10 మంది చాలు. చిన్న షెడ్లవాళ్ళం చాలామందిమి ఆ లెక్కకు బయటే పడ్డాం. ముసలితనంలో పక్కనున్న మనవడి మాట వినపడని తాతలు మన ప్రతి గల్లీలో ఉన్నారు. వాళ్ళ చెవులు ఏ రిజిస్టరులోనూ లేవు.

ఇప్పుడు మన ఇంటి తప్పు కూడా చెప్పుకుందాం. గణపతి ఊరేగింపులో డీజే మనదే. పెళ్ళి బరాతులో మనదే. బతుకమ్మ పాట ఆడపడుచుల గొంతులతో చప్పట్లతో సాగేది. దాని మీద కూడా పెట్టెలు పెట్టినవాళ్ళం మనమే. యూనియన్ సభల్లో మైకును స్తంభానికి కట్టి నాలుగు గల్లీలకు వినిపించినవాళ్ళం మేమే. మనం చేస్తే పండుగ, పక్కవాడు చేస్తే గోల అంటే ఎవరు వింటారు? ఒక మతం మైకును వేలెత్తి చూపి ఇంకొకదాన్ని వదిలేసే రాజకీయం మనకు వద్దు. డెసిబెల్లుకు మతం లేదు.

ఫిర్యాదు చేస్తే పేటలో పగ పెరుగుతుందన్న భయం సహజం. 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు ఈ భయానికి జవాబిచ్చింది. ఫిర్యాదుదారు ఎవరో తేల్చకుండానే పోలీసులు చర్య తీసుకోవాలనీ, పేరు తెలిసినా బయటపెట్టరాదనీ చెప్పింది. 112కు ఫోను చేసేవారు ఈ మాట గుర్తుంచుకోండి.

మా కోరికలు ఇవి. నగరపాలిక ప్రతి పేటలో అది ఏ ప్రాంతమో, పరిమితి ఎంతో తెలిపే బోర్డు పెట్టాలి. కలగలుపు పేటలకు పేరు పెట్టేముందు అక్కడివాళ్ళను అడగాలి. పగటి మైకుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు రాత్రిపాళీ వాళ్ళ నిద్రను లెక్కలోకి తీసుకోవాలి. షెడ్డు చిన్నదైనా పెద్దదైనా ఏడాదికొకసారి చెవి పరీక్ష సేఠు ఖర్చుతో చేయించాలి.

మా వంతుగా, ఇకమీదట యూనియన్ సభలో పెట్టె ఒకటే, అదీ సభికుల వైపు తిప్పి పెడతాం. మన మండళ్ళవారు కూడా ఇదే పాటించాలని మనవి. పాళీ దిగి వచ్చిన సోదరుడిని నిద్రపోనివ్వడం కూడా ఐక్యతే.