గుండె పక్కన మంట... గుండెపోటు కాదట!

ఉక్కు కర్మాగారంలో నైట్ షిఫ్ట్ ముగించుకుని గాజువాకలో ఇంటికి చేరిన ఉద్యోగికి ఉన్నట్టుండి ఛాతీలో ఎడమవైపు పొడిచినట్టు నొప్పి వచ్చిందనుకుందాం. గట్టిగా ఊపిరి పీలిస్తే ప్రాణం పోతున్నట్టుంది. 'గ్యాసేమోరా, కాస్త మజ్జిగ తాగు' అంటుంది తల్లి. భార్యకేమో కాళ్లూ చేతులూ ఆడవు.

ఇలాంటప్పుడు మజ్జిగ కాదు, 108 కావాలి. కేజీహెచ్‌కో, దగ్గర్లోని మరో ఆసుపత్రికో వెళ్తే ముందు ఈసీజీ తీస్తారు. రక్తంలో ట్రోపోనిన్ ఎంతుందో చూస్తారు. గుండె కండరం దెబ్బతింటే పెరిగే ప్రొటీన్ అది. మొదటిసారి మామూలుగా ఉన్నా, కొన్ని గంటలాగి మళ్లీ పరీక్షిస్తారు.

అన్నీ నార్మల్! మరి ఆ నొప్పి ఎక్కడిది?

గుండెను కప్పి ఉండే పొరకు బయట కాస్త కొవ్వు ఉంటుంది. చాలా అరుదుగా అందులో చిన్న భాగం చచ్చుబడి వాస్తుంది. దీన్నే ఎపిపెరికార్డియల్ ఫ్యాట్ నెక్రోసిస్ అంటారు. పేరు భయపెడుతుంది కానీ ప్రాణం తీసే జబ్బు కాదు. 1957లో అమెరికా వైద్యులు దీని గురించి తొలిసారి రాశారు. అప్పటికి సీటీ స్కాన్ లేదు. ఎక్స్‌రేలో గుండె పక్కన నీడ కనిపిస్తే కణితేమోనని ఛాతీ కోసి చూడాల్సి వచ్చేది.

1971లో లండన్‌లో తొలి రోగికి సీటీ స్కాన్ తీశాక రోజులు మారాయి. స్కాన్‌లో కొవ్వు ముదురు రంగులో కనిపిస్తుంది. దాని చుట్టూ తెల్లటి అంచు, వాపు తాలూకు సన్నని గీతలు ఉంటే రేడియాలజిస్టు గుర్తుపడతారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందేమోనని తీసిన స్కాన్‌లో ఇది బయటపడుతుంటుంది. ఆపరేషన్ అక్కర్లేదు. వాపు, నొప్పి తగ్గించే మందులు చాలు. కొన్ని వారాల తర్వాత మళ్లీ స్కాన్ చేస్తే మచ్చ చిన్నదవుతుంది, లేదా మాయమవుతుంది.

అలాగని ప్రతి నొప్పికీ సీటీ అవసరం లేదు. దాంతో ఒంటికి రేడియేషన్ తగులుతుంది. హార్బర్‌లో బరువులెత్తేవారికి పక్కటెముకల దగ్గర వచ్చే నొప్పిని చాలాసార్లు డాక్టరు చేత్తో నొక్కి చూసే పోల్చుకుంటారు. అయితే ఆ నొక్కి చూడటం ఇంట్లో మనం చేసుకునేది కాదు సుమా!

చివరికి తేలేది చిన్న సమస్యే కావచ్చు. కానీ చిన్నదని తేల్చాల్సింది ఆసుపత్రిలో... వంటింట్లో కాదు.