పాత యంత్రములకు క్రొత్త కాపు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములందు పాడియు, రాతిపరిశ్రమయు పెక్కు కుటుంబములకు జీవనాధారములు. పాలను చల్లబరచు యంత్రములను, రాతిని కోయు యంత్రములను నడపు నియంత్రకములు ఇరువదియేండ్లు పనిచేయుట కలదు. వానిని నెట్‌వర్కుతో కలిపినచో పాల చల్లదనమును, విద్యుత్తు ఖర్చును యజమాని ఇంటనుండియే కనుగొనవచ్చును. ఈ లాభమును మేము కాదనము.

అయితే ఇట్టి యంత్రములలో పెక్కింటి భాష మాడ్‌బస్. అది 1979లో పుట్టినది. ఆజ్ఞ యిచ్చువాడెవడని ప్రశ్నించుట దానికి తెలియదు. నెట్‌వర్కులో చొరబడిన ప్రతివాడును దానికి యజమానియే! చల్లదనము ఒక రాత్రి నిలిచిపోయినచో పల్లెల పాలన్నియు విరిగిపోవును. 2017 మే మాసమున వానాక్రై అను దుష్టప్రోగ్రాము మన రాష్ట్రపు పోలీసు కంప్యూటర్లనే స్తంభింపజేసినది. రక్షకభటులకే రక్షణ కరువైనప్పుడు పాలకేంద్రము గతి యేమి?

కావున మా సూచన యిది. పాత యంత్రమును కార్యాలయపు కంప్యూటరుతో సూటిగా ముడివేయరాదు. నడుమ ద్వారపాలకునివలె గేట్‌వేను నిలిపి, లెక్కలను బయటికి రానీయవలెను గాని ఆజ్ఞలను లోనికి పోనీయరాదు. ఈ షరతును వ్రాతమూలముగా ఒప్పుకొనని వర్తకునికి సొమ్ము చెల్లింపకుడు. తలుపు లేని కొట్టులో ధాన్యము నింపు రైతు మనలో లేడు గదా!