కట్టు కట్టిన కాలిపై నిలిపిన గౌరవము

గతవారపు మా సంచికలో "తెలుగు బిడ్డ పౌరుషము" అను శీర్షికతో ఒక చిన్న వార్తను ప్రకటించియుంటిమి. మన సంఘమువారి పోషణలోనున్న యొక ఉన్నత పాఠశాల ఫుట్‌బాల్ జట్టు, ఉత్తర చెన్నపురిలో జరిగిన పాఠశాలల పోటీలో, విద్యార్థుల సంఖ్యలో తనకు మూడింతలైన పాఠశాల జట్టు నెదిరించి సరిసమానముగా నిలిచినదనియు, పదవ తరగతి విద్యార్థి యొకడు కాలు బెణికియు లెక్కసేయక ఆట ముగియువఱకు మైదానమును విడువలేదనియు ఆ వార్త సారాంశము. దానిని చదివి పలువురు మిత్రులు అభినందన లేఖలు వ్రాసిరి. ఆ బాలునకు వార్షికోత్సవమున శాలువ కప్పవలెనని ఒకరు సూచించిరి. ఆ లేఖలు మా బల్లపైకి వచ్చిన దినముననే బాలుని తండ్రిగారు కార్యాలయమునకు వచ్చిరి. ఎక్స్‌రే పటమును, వైద్యుని చీటీని మా ముందుంచి, "అయ్యా, మావాడి గురించి గొప్పగా రాసినారు. ఇది కూడా రాస్తారా?" అని యడిగిరి.

వ్రాయుచున్నాము.

ఆ జట్టులో మొత్తము 13 మంది బాలురు కలరు. మొదటి ఆటలో గోలుకీపరు వ్రేలు విఱిగినది. రెండవ ఆటలో ముందు వరుసవాడొకడు తొడ వెనుక కండరము పట్టివేయగా కుంటుచు వెలుపలికి వచ్చెను. మిగిలినవారు పదునొకండుగురు. వారిలో ఒకడు ఈ బాలుడు. వీనికి ఎనిమిది దినములకు ముందే సాధనలో చీలమండ బెణికియుండెను. ఇంటివారు కట్టు కట్టించి, నడువవద్దని చెప్పియుండిరి. ఆట దినమున డ్రిల్లు మాస్టరుగారు వీనిని దింపవలదనియే యనిరట. గీత వెలుపల కుర్చీలలో కూర్చున్న పెద్దలు ఒప్పుకొనలేదు. "పదిమందితో దిగినచో తెలుగు బడిలో పిల్లలే లేరని నవ్వుదురు" అనిరట. కట్టుపై మఱియొక కట్టు బిగించి, బూటు తాళ్లు లాగి కట్టి, వానిని లోనికి పంపిరి. విరామవేళకు కాలు వాచి బూటు ఊడిరాలేదు. అట్లే మఱల పంపిరి. ఫలితము: లిగమెంటు చిరిగినది, ఎముక చివర పగులు వచ్చినది, ఆఱు వారములు పిండికట్టు. పదవ తరగతి పరీక్షలకు బాలుడు కఱ్ఱల సాయముతో పోవలసియున్నది. తండ్రిగారు దినకూలి కాకున్నను దినకూలికి ఎక్కువ దూరములో లేరు.

పదిమందితో దిగినచో నవ్వుదురన్న పెద్దలు ఆట నియమావళిని ఒకసారి చూచియుండిన బాగుండెడిది. ఒక్కొక్క పక్షమున 7 గురు ఆటగాండ్రున్నంతవఱకు ఆట సాగవచ్చును. అంతకు తగ్గినప్పుడే ఆట ఆగును. పదిమందితో ఆడుట అవమానము కాదు, నేరము కాదు, నియమములకు లోబడిన ఆటయే. ఎదుటిజట్టువారు నవ్వియుందురని మేము నమ్మము. నవ్వినను, నవ్వునకు పిండికట్టు అక్కఱలేదు.

ఈ విషయమును మేము వ్రాయబోవుచున్నామని తెలిసి, ఒక పెద్దమనుష్యుడు ముందుగనే లేఖ పంపిరి. మేము గౌరవించు వ్యక్తి. సంఘ భవనమునకు ఇటుకలు మోసినవారిలో ఒకరు. ఆయన వాదమిది: 1962 లో జకార్తా ఆసియా క్రీడలలో జర్నైల్‌సింగు తల పగిలి కుట్లు పడియు ఫైనలున దిగి గోలు చేయలేదా? దక్షిణ కొరియాపై 2–1 తో భారతదేశమునకు స్వర్ణపతకము రాలేదా? ఆనాటి దేశాభిమానము నేటి బాలురకు ఏల నేర్పరాదు?

ఆ గోలును తలచుకొన్న మాకును ఒడలు పులకించును. కాని జర్నైల్‌సింగు ఇరువదియాఱేండ్ల పురుషుడు. తన మేలుకీడులు తానెఱిగి దిగినవాడు. మన బాలునికి పదునైదేండ్లు. ఈ వయసున ఎముకల చివరలు ఇంకను లేతగా పెరుగుచుండును. అచ్చట తగిలిన దెబ్బ సరిగా మానకున్నచో ఆ ఎముక పెరుగుదలయే చెడవచ్చును. తల దెబ్బ సంగతి మఱింత గొప్పది. తలకు దెబ్బ తగిలి మైకము కమ్మిన ఆటగానిని ఆ దినమున మఱల ఆడనీయరాదని నేటి వైద్యము ఖండితముగా చెప్పుచున్నది. మొదటి దెబ్బ మానకమునుపు రెండవది తగిలినచో, పిల్లలయందు మెదడు వాచి ప్రాణమునకే ముప్పు రావచ్చును. అరుదే, కాని అరుదని ఎవరి బిడ్డను పందెమున ఒడ్డుదుము? ఆ కాలమున మార్పు ఆటగాండ్ర సౌకర్యమును నేటివలె లేదు. ప్రపంచకప్పు పోటీలలో 1970 వఱకు ఆటగానిని మార్చుటకే వీలులేకుండెను. నేడు పెద్దల పోటీలలో 2022 నుండి ఐదుగురి వఱకు మార్చుట శాశ్వత నియమమైనది; బాలుర పోటీలలో నిర్వాహకులు సమ్మతించినచో వెలుపలికి వచ్చినవాడు విశ్రమించి మఱల లోనికి పోవచ్చును. ఈ సౌకర్యమును మనవారు ఎన్నడైన అడిగిరా? అడుగలేదు. అడిగినచో మనకు మనుష్యులు తక్కువయని బయటపడునట!

జకార్తా పేరెత్తినందులకు ఆ పెద్దమనుష్యునకు మేము కృతజ్ఞులము. ఏలయన ఆ స్వర్ణపతకము వెనుకనున్న వ్యక్తి ఒక బడిపంతులు. హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీము పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన వ్యక్తి. 1951 లో ఢిల్లీలోను, 1962 లో జకార్తాలోను భారతజట్టుకు స్వర్ణము తెచ్చెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో జట్టును నాలుగవ స్థానమున నిలిపెను. 1963 లో క్యాన్సరు వ్యాధితో కాలధర్మము నొందెను. ఈయన హైదరాబాదులో కుఱ్ఱవాండ్రకు విచిత్రమైన పోటీలు పెట్టెడివాడు. ఒకదానిలో బంతిని కాలితో తిప్పుకొనుచు పోరాదు. అందుకొన్న వెంటనే మఱియొకరికి అందింపవలెను. ఇంకొకదానిలో అలవాటులేని కాలితోడనే తన్నవలెను. ఇవి వినోదమునకై పెట్టినవి కావు. రెండు కాళ్లు పనిచేయువాడు ఎడమ ప్రక్కను ఆడగలడు, కుడిప్రక్కను ఆడగలడు. బంతిని తనవద్ద ఉంచుకొననివాడు దెబ్బలును తక్కువ తినును. జర్నైల్‌సింగును వెనుక వరుసనుండి తెచ్చి ముందు వరుసన నిలిపినది ఈ పంతులే. ఆ జట్టు గోలుకీపరు పీటర్ తంగరాజు, హైదరాబాదున పుట్టి మదరాసు రెజిమెంటులో చేరినవాడు, మొదట సెంటరు ఫార్వర్డుగా ఆడినవాడే.

రహీమునుండి మనము నేర్వవలసినది ఇది. కుట్లు పడిన తలను నేర్చుకొన్నాము. ఒక్కొక్కనికి రెండు స్థానములు నేర్పుటను విడిచినాము. మన పాఠశాలలో గోలుకీపరు వ్రేలు విఱిగిన దినమున, ఆ స్థానమున నిలుచుట యెట్లో తెలిసినవాడు మఱియొకడు లేకపోయెను. 13 మందికి రెండేసి స్థానములు వచ్చియున్నచో ముగ్గురు కూలబడినను జట్టు తడబడదు. ఇందులకు ధనము అక్కఱలేదు. డ్రిల్లు మాస్టరునకు వారమునకు నాలుగు సాయంకాలములు విడిచిపెట్టిన చాలును. కాని ఆ సాయంకాలములలో రెండింటిని ట్యూషను మింగినది, ఒకదానిని మన సంఘపు సాంస్కృతిక కార్యక్రమముల ఒద్దికలు మింగినవి. ఈ రెండవ నేరము మాదియు.

గాయములు దైవికములని కొందఱనుచున్నారు. కొన్ని దైవికములే. అన్నియు కావు. ఆటకు ముందు ఇరువది నిమిషములు చేయవలసిన వ్యాయామ క్రమమును ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వైద్యులు రూపొందించి యున్నారు. నెమ్మదిగా పరుగెత్తుట, ఒంటికాలిపై నిలుచుట, మోకాలు లోనికి వంగకుండ దుముకుట, తొడ కండరములను గట్టిపఱచుట వంటివి అందున్నవి. నార్వే దేశమున 13 మొదలు 17 ఏండ్ల బాలికలపై 2007 లో దీనిని పరీక్షించిరి. 2008 లో ప్రకటితమైన ఫలితములనుబట్టి, ఈ క్రమము పాటించిన జట్లలో గాయములు మొత్తమున మూడింట ఒకవంతు తక్కువయైనవి. తీవ్రమైనవి దాదాపు సగము తగ్గినవి. దీనికి కావలసినది బంతి యొకటి, మైదానము, ఓపిక. మన బాలురు ఆటకు ముందు ఏమి చేసిరో విచారించితిమి. వరుసగా నిలిచి ముఖ్య అతిథితో కరచాలనము చేసిరి. అతిథి ఆలస్యముగా వచ్చిన కారణమున పరుగెత్తుటకు వ్యవధి లేకపోయెను.

ఇక అసలు విషయము. మనకు బాలురేల తక్కువైరి? ఆ పాఠశాలలో తొమ్మిది, పది తరగతుల బాలురందఱును కలిసి యాబది లోపు. అందులో బూట్లు కొనగలవారు, ఇంటివారు పంపువారు, సాయంకాలము దుకాణమున కూర్చుండ నక్కఱలేనివారు ఎందఱు మిగులుదురు? తెలుగు మాధ్యమమున పిల్లలు తగ్గుటకు కారణములు పాఠకులకు తెలియనివి కావు. 2006 నాటి తమిళ బోధనా చట్టము మెల్లగా పై తరగతులకు ప్రాకి 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానములకు పోయిరి. మాతృభాషయందు ప్రాథమిక విద్యను గూర్చిన రాజ్యాంగపు 350–ఎ అధికరణమును మన వేదికలపై వల్లించుచునే యున్నాము. ఆ పోరాటము న్యాయమైనది. మేము దానిలో నున్నవారమే. కాని ఆ పోరాటమున మనకు కలిగిన దిగులును, మనమింకను ఉన్నామని లోకమునకు చాటవలెనను ఆరాటమును, ఒక బాలుని చీలమండపై మోపుట న్యాయము కాదు. మనవారి సంఖ్య తక్కువైన కొలది ఒక్కొక్క బాలుడును మనకు ప్రియతరుడు కావలసియుండగా, ఒక్కొక్కడు మఱింత చౌక యగుచున్నాడు. ఇది మాకు బోధపడుట లేదు.

1960 లో ఆరంభమైన సుబ్రతో కప్పు పోటీలకు మన జట్టు ఢిల్లీ పోవలెనని సంఘ సమావేశములలో ప్రతి యేట తీర్మానింతురు. ఆ తీర్మానమునకు ముందు బూట్లజతల లెక్క చూడవలదా? గత వార్షికోత్సవమున వెండిగిన్నె చేయించితిరి. జట్టు పెట్టెలో మంచుగడ్డల సంచి లేదు, క్రేపు పట్టీలు రెండే యున్నవి. రెండును ఈ బాలుని కాలికే చుట్టిరి.

ప్రక్క వీధిలోని తమిళ పాఠశాలకును మనవలెనే పిల్లలు తక్కువ. వారికి 12 మంది యున్నారు. సాధనయైనను ఉభయులు కలిసి చేసినచో ఇరువదియైదుగురగుదురు. ఎదురెదురుగ రెండు జట్లుగ నిలిచి ఆడుకొనవచ్చును. ఈ మాట లోగడ ఒకసారి వచ్చినప్పుడు, "కలిసిన పిమ్మట మన ఉనికి యేమగును?" అని కార్యవర్గమున ఒకరు లేచిరి. వ్యాసర్పాడి మైదానములకు ఒక సాయంకాలము పోయి చూడుడని వారికి మనవి. అచ్చట తెలుగిండ్ల పిల్లలు, తమిళ ఇండ్ల పిల్లలు ఒకే బంతి వెంట పరుగెత్తుచుందురు. ఇంటికి వచ్చి అమ్మతో తెలుగే మాటలాడుచున్నారు. మన బాలికలను కూడ మైదానమునకు రానిండు. ఎనిమిదవ తరగతివారిని సాధనకు పిలువుడు. కాని పదునేడేండ్లవారి ఎదుట ఆటలో నిలుపకుడు. పిల్లలు చాలనినాడు పదునొకండుగురి పోటీని మానుకొని ఏడుగురి పోటీలో చేరుడు. అందులకు సిగ్గుపడువారు ఎవరైన నున్నచో వారే కట్టు కట్టుకొని దిగవచ్చును.

వచ్చే శనివారము ఈ జట్టునకు మఱియొక ఆట యున్నది. నేటికి ఆరోగ్యముగా నున్నవారు పదుగురు. వారిలో ఒకనికి మోకాలి క్రింద నొప్పి యున్నదని డ్రిల్లు మాస్టరుగారు మాతో చెప్పిరి. వానిని వైద్యునికి చూపి, ఆయన వలదన్నచో తొమ్మండుగురితోడనే దింపవలెననియు, ఆట నడుమ ఎవడైన చేయెత్తి నొప్పియన్నచో తక్షణమే వెలుపలికి తీసికొనవలెననియు, లోనికి పంపుటయు వెలుపలికి తెచ్చుటయు డ్రిల్లు మాస్టరుగారి యొక్కరి చేతిలోనే యుండవలెననియు, సంఘ పెద్దల కుర్చీలను గీతకు దూరముగ వేయింపవలెననియు ప్రధానోపాధ్యాయులవారిని కోరుచున్నాము. బాలుని వైద్యపు ఖర్చును సంఘనిధినుండి యిచ్చుటకు కార్యవర్గము ఈ ఆదివారము కూడుచున్నది. శాలువ ప్రతిపాదనను ఆ సమావేశమున ఉపసంహరించుకొనవలెనని దానిని సూచించిన మిత్రునకు విన్నపము.

సవరణ: గతవారపు వార్తలో ఆ బాలుడు "తన యిష్టముతో తుదివఱకు ఆడెను" అని వ్రాసియుంటిమి. అది సరికాదు. విరామవేళ ఒకసారి, అటుపిమ్మట ఒకసారి, తనను వెలుపలికి తీసికొనుమని అతడు అడిగియుండెను.