చప్పుడు తగ్గింది సరే, సీసం మాటేంటి బావా?

పైన వీడియోలో కంపోస్టు కుప్ప దగ్గర 'టప్' అని చిన్న చప్పుడు వినిపిస్తుంది చూడండి. చాలామంది కొబ్బరిమట్ట విరిగిందనుకుంటారు. అది తుపాకీ.

అది అమెరికాలో, డాలస్ బయట మా అక్కావాళ్ళ ఇల్లు. మూడెకరాల జాగా. అక్క గోంగూర, బెండ, దోస పెడుతుంది, పైసా రసాయనం వాడదు. మొలకలన్నీ కుందేళ్ళు కొరికేస్తున్నాయి. అందుకని బావ .22 రైఫిల్ కొన్నాడు. కుందేళ్ళ సంగతేమో గానీ, ప్రతి శనివారం గురి ప్రాక్టీసు మాత్రం తప్పట్లేదు.

పక్కింటివాళ్ళకి ఇబ్బంది కాకూడదని చప్పుడు తక్కువ తూటాలు వెతికాడు. లెక్క తేలికే. గాలిలో ధ్వని వేగం సెకనుకి సుమారు 1,125 అడుగులు. గుండు అంతకంటే వేగంగా పోతే కొరడా ఝళిపించినట్టు ఇంకో చప్పుడు పుడుతుంది. మామూలు హై వెలాసిటీ .22 వేగం 1,200 అడుగుల పైమాటే. స్టాండర్డ్ వెలాసిటీ 1,070 దగ్గర. సబ్‌సోనిక్ అని అమ్మేవి ఎక్కువగా 1,050 లోపు. బావ వాడే సీసీఐ క్వైట్-22 అయితే 710 అడుగులే. మందు తక్కువ కాబట్టి గొట్టం దగ్గర చప్పుడూ తక్కువ. సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో ఇది సరిగ్గా తిరగదు, బోల్ట్ రైఫిల్ ఉండాలి. ఇంకా నిశ్శబ్దంగా కావాలని కొందరు అసలు మందే లేని కొలిబ్రి వాడతారు. అది రైఫిల్‌కి కాదండీ! గుండు గొట్టంలో ఇరుక్కుంటే, వెనకాల ఇంకోటి కాల్చినప్పుడు గొట్టమే పగలొచ్చు.

ఇక్కడిదాకా బావ ఎంపికలో నాకు తప్పేం కనిపించలేదు. గుండు ఎక్కడికి పోతోందో చూశాకే గుండె ఝల్లుమంది. అట్టముక్కకి బొమ్మ గీసి అక్క కంపోస్టు కుప్పకే ఆనించాడు. "మెత్తగా ఉంటుంది రా, గుండు అందులోనే ఆగిపోతుంది" అన్నాడు.

ఆగిపోతుంది బావా, అదే కదా గొడవ! ఆ కంపోస్టేగా గోంగూర మడికి పోసేది?

ఈ గుండు 40 గ్రెయిన్ల సీసం, అంటే దాదాపు 2.6 గ్రాములు. 50 తూటాల పెట్టెకి 130 గ్రాములు. వారానికో పెట్టె చొప్పున ఆరు నెలలు అంటే 3 కిలోల పైనే. అమెరికా పర్యావరణ సంస్థ 2024 జనవరిలో ఇళ్ళ దగ్గరి మట్టిలో సీసం హెచ్చరిక స్థాయిని 400 పీపీఎం నుంచి 200కి దించింది. ఆ లెక్కన ఒక్క పెట్టె సీసం పూర్తిగా కలిసిపోతే 650 కిలోల మట్టి ఆ స్థాయికి చేరుతుంది. గుండు ఒక్కరోజులో కరగదు, ఒప్పుకుంటాను. కానీ తేమకీ, ఆమ్లానికీ మెల్లగా తుప్పు పట్టి పొడిగా రాలుతుంది. జీవామృతం పోస్తే పోయేది కాదు, అది మూలకం. ఆకుకూర మీద పడే దుమ్ము ద్వారా పిల్లల కడుపులోకి పోతుంది. మామూలు మట్టి పరీక్షలో సీసం చూడరు, విడిగా అడగాలి.

సీసం లేనివి వాడొచ్చుగా అంటారా? అసలు తిరకాసు అక్కడే. సీసీఐ వాళ్ళదే కాపర్-22 ఉంది, గుండు 21 గ్రెయిన్లే, వేగం 1,850 అడుగులు. ధ్వనిని ఎప్పుడో దాటేసింది, చప్పుడు ఖాయం. రాగిపొడి గుండు తేలిక, అందుకే వేగం పెంచుతారు. పక్కింటివాళ్ళ చెవా, అక్క మట్టా అన్నట్టుంది.

నా అభిప్రాయం చెప్తాను, తుపాకీ తెలిసినవాళ్ళు తిట్టినా పర్లేదు. చప్పుడు తక్కువ తూటానే ఉండనీండి, గుండు మాత్రం మట్టిలో పడకూడదు. ఏటవాలు ఇనప రేకుతో గుళ్ళని లోపలే పట్టే పెట్టెలు దొరుకుతాయి, మడులకి దూరంగా పెట్టుకోవాలి. నెమ్మది గుండు రాయికో గట్టి చెక్కకో తగిలితే పక్కకి ఎగరొచ్చు, కాబట్టి పెట్టె వెనక కూడా ఎత్తైన కట్ట ఉండాల్సిందే. చప్పుడు లేకపోయేసరికి అది బొమ్మ తుపాకీ అనిపిస్తుంది చూడండి, నాకు భయం అక్కడే. టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ళు ఇంకోటి చూసుకోండి, ఊరి హద్దు బయటైనా 10 ఎకరాలు, అంతకు తక్కువ ఉన్న లేఅవుట్ ప్లాట్లలో కాల్పులు నిషేధించే అధికారం కౌంటీకి ఉంది.

మన దగ్గర అడవిపందులకి ఇది పనికొస్తుందా అని కామెంట్లలో అడగొద్దు. ఆయుధాల చట్టం 1959, వన్యప్రాణి చట్టం 1972 రెండూ ఉన్నాయి, లైసెన్సు, అనుమతి లేకుండా కుదరదు.

కుందేళ్ళకి నేనూ అక్కా కలిసి రెండడుగుల ఎత్తు సన్న కంతల వల కట్టాం, అరడుగు మట్టిలోకి దించి. ఆ కంపోస్టు మడులకి వెయ్యొద్దని పక్కన టార్పాలిన్ కప్పి ఉంచాం. మట్టి శాంపిల్ ల్యాబ్‌కి పోయింది. రిపోర్టు వచ్చేదాకా అక్క ఆ మడి గోంగూర కొయ్యట్లేదు, బావ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.