సూదిమందునకు లొంగని పాండురోగము

మా తర్లుపాటిలో పొరుగింటి అత్తగారొకరు వారమునకు మూడు పర్యాయములు పట్టణమునకు పోయి డయాలిసిస్ చేయించుకొని వత్తురు. రక్తము పెరుగుటకు సూది వేయుచున్నను మూడు నెలలుగా హీమోగ్లోబిన్ 7 దాటలేదు. “మందు దండుగ, నీ వంటయు దండుగ” యని కోడలిపై విసుగు. ఆ పిల్ల పాపము దానిమ్మరసము, ఖర్జూరము, మునగాకు ఒకదాని వెంట నొకటి పెట్టుచున్నది. అది చూచి నాకు భయము వేసినది.

మూత్రపిండములు నీటిని వడకట్టుటయే గాక, ఎరిత్రోపొయెటిన్ అను హార్మోనును పుట్టించును. ఎఱ్ఱకణములు చేయుమని ఎముకల మూలుగకు ఆజ్ఞ దానిదే. ఆ సూది 1989 నుండి వైద్యమున వాడుకలో నున్నది. అయితే ఆజ్ఞ అందినను మన్ను లేనిదే కుమ్మరి కుండ చేయునా?

అందుచేత వైద్యుడు ముందు ఇనుము చూచును. డయాలిసిస్ రోగులకు మాత్రలలోని యినుము చక్కగా నొంటబట్టదు, నరములోనికి ఎక్కింతురు. చరకసంహిత పాండురోగమునకు లోహమును చెప్పినది నిజమే. దానిని చదివి భస్మములు కొని పెట్టకుడు, చెడిన మూత్రపిండములకు ముప్పు. ఇక శరీరమున ఎక్కడనైన చీమో, క్రిములో చేరినచో, ఉన్న యినుము సైతము కొట్టులో పెట్టి తాళము వేసినట్లగును. డయాలిసిస్ చాలకపోవుట, పారాథైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేయుట, తెలియకుండ కడుపులో రక్తము పోవుట, బి12, ఫోలిక్ ఆమ్లముల లోపము, ఇవన్నియు వెదకవలసినవే. (1945లో ఫోలిక్ ఆమ్లమును కూర్చిన బృందమునకు పెద్ద మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.) సూదిని ఇంట నుంచుకొనువారు 2 నుండి 8 డిగ్రీల చల్లదనమున నుంచవలెను, గడ్డకట్టనీయరాదు.

వెదకక మోతాదు పెంచుకొని పోరాదా యందురేమో. 1998లో ప్రకటించిన యొక పరిశోధనలో, గుండెజబ్బుగల డయాలిసిస్ రోగుల రక్తమును ఆరోగ్యవంతుల మట్టమునకు తేబోగా మేలు కానరాక నడుమ నాపివేసిరి. ఇప్పుడు సాధారణముగా 10కి, 11.5కు నడుమ చాలునందురు. పరరక్తము ఎక్కించుట సాధ్యమైనంతవరకు మానుదురు. ముందుముందు మూత్రపిండము మార్పిడికి అది అడ్డము కావచ్చును. డెసిడుస్టాట్ అను మాత్రకు 2022లో మన దేశమున అనుమతి వచ్చినది. అదియు వైద్యుని నిర్ణయమే.

ఇక నా భయము సంగతి. ఆ పండ్లలో, ఆకులలో పొటాసియము మిక్కుటము. దానిని వెడలించు మూత్రపిండములే లేనపుడు అది గుండెను నిలిపివేయగలదు. కోడలికి ఈ మాట చెప్పి, ఇద్దరిని మరల వైద్యుని వద్దకు పంపితిని. అత్తగారి మెడలోని గొట్టమున క్రిములు చేరినట్లు తేలినది. గొట్టము మార్చి, మందులిచ్చిన పిమ్మట మొన్నటి పరీక్షలో 8.6 వచ్చినది. దానిమ్మపండ్ల బుట్ట కోడలు మా పిల్లలకు పంపినది.