పరరాజ్యపు పర్మిట్టు, మన యిల్లు తాకట్టు

ఏ పఠనమందిరమునకు పోయినను, ఏ టీ దుకాణపు బల్లపై కూర్చున్నను ఈ దినములలో చెవిని బడు మాట యొక్కటే: "పిల్లవాడు అమెరికాలో ఎమ్మెస్ చదువుచున్నాడు, చదువు కాగానే మూడేండ్ల పర్మిట్టు వచ్చును, రెండేండ్లలో అప్పు తీరును, పిదప నంతయు లాభమే." కన్సల్టెన్సీల గోడప్రకటనలును ఇదే పాట పాడుచున్నవి. ఈ మాటలో నిజమెంత, ఎవరి లాభమునకై ఇది పుట్టినది అని నేడు విచారింపదలచినాము. విద్యకొఱకు సముద్రము దాటు యువకులను నిందించుట మా యుద్దేశము గాదు. నిందింపదగినవారు వేఱే యున్నారు.

మొట్టమొదట "మూడేండ్ల పర్మిట్టు" సంగతి చూతము. అమెరికాలో పట్టము పొందిన పరదేశవిద్యార్థికి ఓ.పి.టి. యను పేర దొరకునది 12 నెలల శిక్షణావకాశము. చదువు ముగియుటకు 90 దినములు ముందు మొదలు, ముగిసిన పిదప 60 దినములలోపల దరఖాస్తు చేయవలెను. ఆ 12 నెలలలో మొత్తముమీద 90 దినములకు మించి పనిలేక యుండరాదు. శాస్త్ర, సాంకేతిక, ఇంజనీరింగు, గణితశాఖలలో చదివినవారికి మఱి 24 నెలలు పొడిగింపు కలదు; కాని దానికి యజమాని ఈ-వెరిఫై యను ప్రభుత్వపద్ధతిలో నమోదయి యుండవలెను, శిక్షణాప్రణాళికపై సంతకము చేయవలెను, విద్యార్థి చదివిన చదువునకును చేయు పనికిని సంబంధ ముండవలెను. ఇన్ని షరతులు నెఱవేరిననే 36 నెలలు. ఈ షరతులలో ఒక్కటియైనను మన గోడప్రకటనలపై కనబడునా? పాఠకులే చెప్పవలెను.

అది యట్లుండనిండు. ఈ పర్మిట్టునకు ఆధార మేమి? అమెరికా శాసనసభయగు కాంగ్రెసు విద్యార్థికి "ఇది నీ హక్కు" అని చట్టము చేసి యిచ్చినది గాదు. అచటి కార్యనిర్వాహకశాఖ తన నియమావళిలో కల్పించిన వసతి మాత్రమే. పరదేశవిద్యార్థులకు శిక్షణపని 1947 నాటి నియమములలోనే కలదు, ఓ.పి.టి. యను పేరు 1992 లో వచ్చినది. 2008 లో 17 నెలల పొడిగింపు చేర్చినారు. 2015 ఆగస్టులో ఒక ఫెడరల్ న్యాయస్థానము ఆ పొడిగింపును పద్ధతిలోపముచే కొట్టివేసినది. 2016 మేలో 24 నెలలుగా మరల తెచ్చినారు. అచటి పనివారి సంఘమొకటి ఏండ్ల తరబడి వ్యాజ్యమాడగా 2022 అక్టోబరులో అప్పీలు న్యాయస్థానము ఓ.పి.టి. చెల్లునని తీర్పుచెప్పినది, 2023 అక్టోబరులో సుప్రీముకోర్టు ఆ వ్యాజ్యమును విచారణకు తీసికొనుటకు నిరాకరించినది. చెల్లుననగా, కార్యనిర్వాహకశాఖకు ఇట్టి నియమము చేయు అధికారము కలదని యర్థము. చేయగలవాడు మార్చనుగలడు. ఇది న్యాయశాస్త్రమున తొలిపాఠము. ఒక కలముపోటుతో వచ్చినదానిని నమ్మి, ఇరువదియేండ్లు చెమటోడ్చి కట్టుకొనిన యింటిని తాకట్టు పెట్టుచున్నామని మనవారిలో ఎందరికి తెలియును?

ఆ మూడేండ్లు గడచిన పిదప హెచ్-1బి. ఏటికి 65,000, అమెరికాలో ఉన్నతపట్టము పొందినవారికి మఱి 20,000. అంతకు మించి లేవు. అర్థించువారు దీనికి ఎన్నో రెట్లు. కావున చీట్లు వేయుచున్నారు. 2025 సెప్టెంబరు 19 న అధ్యక్షుని ప్రకటన వెలువడి, దేశము వెలుపలినుండి కొత్తగా వచ్చువారి హెచ్-1బి దరఖాస్తుకు 12 నెలలపాటు లక్ష డాలర్లు చెల్లింపవలెనన్నది. దేశములోపలనే యుండి విద్యార్థిస్థితినుండి మారువారికి అది వర్తింపదని స్పష్టముచేయుటకు అక్టోబరు 20 వఱకు పట్టినది. ఆ నెలరోజులు మన తెలుగిండ్లలో ఎన్ని రాత్రులు నిద్రలేక గడచినవో!

అమెరికా కాకున్న మఱియొకటి యందురా? ఇంగ్లండు 2012 లో చదువనంతరపు పనివీసాను ఎత్తివేసినది. 2021 జులై 1 న రెండేండ్ల గడువుతో మరల తెఱచినది. 2027 జనవరి 1 నుండి వచ్చు దరఖాస్తులకు దానినే 18 నెలలకు తగ్గింప నిర్ణయించినది. కెనడా 2024 నవంబరు 1 నుండి భాషాపరీక్షను, కళాశాలల డిప్లమాలు చదువువారికి శాఖానిబంధనను తెచ్చినది. ఆస్ట్రేలియా 2024 జులైలో ఇట్టి వీసాకు వయోపరిమితిని 50 నుండి 35 కు దింపినది. వారి దేశము, వారి తలుపు, తీయుదురు, మూయుదురు. వారిని దూషించి ఫలము లేదు. ఆ తలుపు ఎల్లప్పుడు తెఱచియే యుండునని మన యూళ్లలో అమ్ముకొనుచున్నవారి మాటయే మాకు కావలసినది.

ఇంతకంటె ఘోరమైన సంగతి మఱియొకటి కలదు. దానినిగూర్చి మాటలాడుటకు మనవారికి మొగమాటము. విద్యార్థివీసా కోరువాడు, చదువు ముగియగానే స్వదేశమునకు తిరిగివచ్చు నుద్దేశము గలవాడనని కాన్సులేటు అధికారిని ఒప్పింపవలెను. వచ్చిన ప్రతివాడును వలసపోవువాడే యని అధికారి ముందుగా భావింపవలెనని అచటి వలసచట్టపు 214(బి) నిబంధన చెప్పుచున్నది. ఇక అప్పు సంగతియో? ముప్పది నలువది లక్షలు తెచ్చినవాడు మన దేశపు తొలిజీతముతో ఆ వాయిదాలు కట్టజాలడు. ఆ లెక్క తండ్రికి తెలియును, బ్యాంకుకు తెలియును, కన్సల్టెన్సీకి మఱింత బాగుగా తెలియును. తిరిగివచ్చిన తీరని అప్పు చేయించి, తిరిగివచ్చెదనని చెప్పుమని ఇరువది రెండేండ్ల బాలుని ఆ కిటికీయొద్దకు పంపుచున్నాము! సత్యమే ఆయుధముగా ఒక సామ్రాజ్యమును కదలించితిమని ఏటేట జెండా ఎగురవేయుచు చెప్పుకొను జాతి, తన బిడ్డలకు విద్యారంభమున నేర్పుచున్న మంత్రమిదియా? బాలుని దోషము లేదు. అప్పే వానిచేత ఆ మాట పలికించుచున్నది.

అప్పు పత్రములు వృత్తిరీత్యా మేము తఱచు చూచుచున్నవే. చదువుకాలమునకు మఱియొక ఏడాది చేర్చి బ్యాంకులు సాధారణముగా గడువిచ్చును. పిదప, ఉద్యోగమున్నను లేకున్నను వాయిదా నిలువదు. జామీనుగా సంతకము చేసిన తండ్రి బాధ్యత కాంట్రాక్టు చట్టము 128 వ సెక్షను ప్రకారము అప్పు తీసికొనిన కొడుకు బాధ్యతతో సమానమే. 2002 నాటి సర్ఫేసీ చట్టము సాగుభూమిని మినహాయించినది, ఇంటిని మినహాయింపలేదు. "సంతకమే కదా" యని వేలిముద్ర వేయువారు ఈ రెండు వాక్యములు ఎవరిచేతనైన చదివించుకొని వినవలెను.

అప్పుచే తరుమబడినవాడు ఎచట చిక్కునో చరిత్ర చెప్పుచున్నది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతబడినది. అందలి విద్యార్థులలో భారతీయులే, వారిలోను తెలుగువారే అధికులు. కొందఱి కాళ్లకు రేడియో పట్టీలు తొడిగించినారు. ఆ సంస్థాధిపతికి 2014 లో పదియాఱేండ్లకు పైబడిన శిక్ష పడినది.  మిచిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ యని మఱియొకటి. అందు పాఠములు లేవు, పంతుళ్లు లేరు. నడపినది అమెరికా ప్రభుత్వపు వలసశాఖయే! 2019 జనవరిలో పట్టుబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. అదేయేడు నేరారోపణ పొందిన దళారు లెనమండుగురు. వారిలో అధికులు తెలుగువారే. రాజ్యమే బోనుపెట్టి, రుసుము తీసికొని, పిదప పట్టుకొనుట ఏ ధర్మమో ఆ రాజ్యమువారు చెప్పుకోవలెను. రుసుముకొఱకు విద్యార్థులు వేసిన దావా నడువవచ్చునని 2024 జూనులో వారి అప్పీలు న్యాయస్థానమే యన్నది. కాని ఆ బోనువఱకు చేయిపట్టి నడిపించినవాడు మనవాడు, మన భాష మాటలాడువాడు. 2020 అక్టోబరులో లేని కంపెనీలలో పనిచేయుచున్నట్లు చూపినారని పదునైదుగురు ఓ.పి.టి. విద్యార్థులను బంధింపగా వారిలో పదునొకండుగురు భారతీయులు. తొంబది దినముల గడువు తఱుముచుండగా, కాగితముపై ఉద్యోగమిచ్చెద రమ్మని పిలుచువాడు ఎప్పుడును సమీపముననే యుండును.

ఈ కథ పాలమూరువారికి కొత్తదా? గుంపుమేస్త్రీ ఊరికి వచ్చి పండుగముందు బయానా పంచి, మనుష్యులను లెక్కబెట్టుకొని, దూరదేశపు ఆనకట్టకు తోలుకొనిపోయిన కథ మన తాతలెఱుగుదురు. దేశములోని ఎన్నో ప్రాజెక్టుల పునాదులలో పాలమూరు కూలీల చెమట యున్నది. మేస్త్రీ ముందు బయానా ఇచ్చి పిదప రక్తము పీల్చెడివాడు. నేటి కన్సల్టెన్సీ మేస్త్రీ ఆ బయానానైనను ఇవ్వడు, మననుండియే పుచ్చుకొనును! ఆ కూలీల కొఱకు 1979 లో అంతర్రాష్ట్ర వలసపనివారి చట్టము వచ్చినది. అది 2025 నవంబరు 21 న అమలునకు వచ్చిన కార్మికస్మృతిలో కలిసిపోయినది. గల్ఫునకు పోవు పనివాని కొఱకు 1983 నాటి ఎమిగ్రేషను చట్టమున్నది. ఏజెంటు రిజిస్ట్రేషను పొందవలెను. విద్యార్థి "పనికి పోవువాడు" గాడు గనుక ఆ చట్టము వానిని తాకదు. పర్మిట్టు నాసజూపి పంపువాడు మాత్రము, చదువునకే పంపితినని చట్టమునుండి జారుకొనుచున్నాడు.

మమ్మాక్షేపించువారి వాదము మే మెఱుగుదుము. "2023-24 లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, వారిలో 97,556 మంది ఓ.పి.టి.లో నుండిరి. ఇందఱు మూర్ఖులా? వారు పంపిన సొమ్ముతో మన యూళ్లలో మేడలు లేవలేదా?" అందురు. లేచినవి. బాగుపడినవారిని చూచి మేమును సంతోషించుచున్నాము. కాని మేడ కట్టినవాని పేరు ఊరంతయు చెప్పుకొనును. వాయిదా తప్పినవాని తండ్రి ఇంటినుండి బయటకు రాడు. లెక్కలలో వీడు కనబడడు. మఱికొందఱు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరెత్తుదురు. ఆ మహనీయుడు 1922 లో బోస్టను చేరెను. మరుసటియేట అమెరికా సుప్రీముకోర్టు భారతీయులు పౌరసత్వమున కర్హులు కారని తీర్పుచెప్పెను. 1946 లోగాని ఆ ద్వారము తెఱువబడలేదు. ఆసుపత్రిలో రాత్రివేళ పనిచేసి, పగలు చదివి, 1948 లో కన్నుమూయువఱకు లోకమునకు ప్రాణదానము చేయు మందులకై శ్రమించెను. విద్యయే ఆయనను సముద్రము దాటించినది. మన కన్సల్టెన్సీల బల్లపై ఏ విద్య యని యడుగువాడు లేడు. ఏ కోర్సుకు ఎన్ని నెలల పర్మిట్టు అనుటయే బేరము. సుబ్బారావుగారి పటము వారి గోడకు తగదు.

మఱి చేయవలసినదేమి? పంజాబు శాసనసభ 2012 లోనే ఒక చట్టముచేసి, విదేశములకు విద్యార్థులను పంపు కన్సల్టెంట్లు సహితము లైసెన్సు పొందవలెనన్నది. దానితో అచట మోసములు అంతరించినవని మేము చెప్పము. కాని మోసపోయినవానికి పట్టుకొనుటకొక కొస దొరకినది. తెలంగాణ శాసనసభయు అట్టి చట్టము చేయవలెను. అందు మూడు మాట లుండితీరవలెను: పర్మిట్టు దొరకునని వాగ్దానముచేయుట నేరము, విదేశ విద్యాలయమునుండి తనకు ముట్టు కమీషనును ఏజెంటు వ్రాతమూలకముగా తెలుపవలెను, ప్రవేశము తప్పిన రుసుము తిరిగి యివ్వవలెను. "రుసుము ఏ పరిస్థితిలోను తిరిగి ఇవ్వబడదు" అని అచ్చువేసిన ఒప్పందములు మా కంటబడినవి. అట్టివానిపై 2019 నాటి వినియోగదారుల చట్టము క్రింద, తాను నివసించు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. నగరమునకు పరుగెత్త నక్కఱలేదు.

ప్రభుత్వమునకును కొంత చెప్పవలసియున్నది. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడినవారు, అల్పసంఖ్యాకుల బిడ్డలకు విదేశవిద్యానిధి పేర 20 లక్షల రూపాయల సాయము కలదు. మంచి పనియే. కాని ఆ సొమ్ము ఏండ్ల తరబడి బకాయిపడినప్పుడు ఆ బిడ్డ అచట ఎవరియొద్ద చేయిచాపవలెను? మన్ననూరులో చెంచుల యభివృద్ధికై ఐ.టి.డి.ఏ. కార్యాలయమున్నది. ఈ నిధి నిబంధనలు, పైన మేము చెప్పిన 12 నెలలు, 90 దినములు, 24 నెలల షరతులు తెలుగులో పెద్దయక్షరములతో ఆ కార్యాలయపు గోడపై ఏల అంటింపరాదు? ఆ యూరి అడవి చెక్‌పోస్టుకడ రాత్రి 9 గంటలకు గేటు వేసి ఉదయము 6 గంటలకు తీయుదురు; శ్రీశైలము పోవు ప్రతి లారీవాడును ఆ వేళ లెఱిగియే బండి కదలించును. సముద్రము దాటు బాలునికి ఆపాటి సమాచార మీయలేని ప్రభుత్వము దేనికి?

జిల్లా గ్రంథాలయములలో వారమునకొక సాయంకాలము ఈ నియమములు చదివి వినిపించుటకు న్యాయవాదులు, ఉపాధ్యాయులు ముందునకు రావలెను. మాకు చేతనైనంత మేమును చేయగలము. ఒప్పందపత్రము తెచ్చినవారికి ఉచితముగా చదివి యర్థము చెప్పుదుము. రాబోవు శాసనసభా సమావేశములలో అచ్చంపేట, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల సభ్యులలో ఈ చట్టముగూర్చి నోరువిప్పినవారెవరో, విప్పనివారెవరో ఈ పుటయందే పేరుపేరున ప్రకటింతుము.