మీటరు చూపే అంకె నీటికి పూచీ కాదు



కలకత్తా రేవును ఆనుకొని ఉన్న వాట్‌గంజ్ శ్రామికుల పేట. దాని చేరువనే గార్డెన్‌రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయమున్నది. అక్కడ గాని, మన క్వార్టర్లున్న మరే ఊరిలో గాని “నీరు బాగులేదు” అని ఫిర్యాదు చేసిన ఉద్యోగికి తరచు లభించే సమాధానమేమిటి? కలము వంటి మీటరును గ్లాసులో ముంచి, “150 వచ్చినది, భేషుగ్గా ఉన్నది” అని ఫైలు మూసివేయుట!

ఈ సమాధానాన్ని మేము అంగీకరించము.

ఆ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకతను మాత్రమే. దానినిబట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కట్టి చూపుతుంది. ఆ మొత్తం లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదనీ, వేరొక నీటి ఆధారం లేనిచోట 2000 వరకు సహించవచ్చుననీ 2012 నాటి భారతీయ ప్రమాణం 10500 చెబుతున్నది. అయితే 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఇ.కోలి క్రిమి కనబడనే కూడదని శాసిస్తున్నదీ ఆ ప్రమాణమే. మొదటి వాక్యం చదివిన అధికారులు రెండవది చదవరా?

1884లో రాబర్ట్ కోచ్ ఈ కలకత్తాలోని చెరువు నీటిలో కలరా క్రిమి ఉన్నట్లు గుర్తించాడు. క్రిమి లవణం కాదు, మీటరుకు కానరాదు. సరఫరా నిలిచి గొట్టంలో ఒత్తిడి తగ్గినప్పుడు పగుళ్లగుండా చొరబడే మురుగు కొద్దిపాటిదైతే అంకెలో తేడాయే కనిపించదు. రోగానికి మాత్రం అది చాలును. 1983లో పశ్చిమ బెంగాల్ గొట్టపు బావుల నీటిలో ఆర్సెనిక్ విషం బయటపడినది. దాని పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. అందుకు 5 రెట్లున్నా మీటరుపై ఒక్క అంకె అయినా పెరగదు!

ఇదే మీటరుతో వ్యాపారి 400 చూపి భయపెట్టి యంత్రం అమ్ముతాడు. అధికారి 150 చూపి నోరు మూయిస్తాడు. ఖర్చు కార్మికుని జీతానిది, జబ్బు అతని బిడ్డలది.

మీటరును పారవేయమని మేము అనుట లేదు. ఉప్పునీటిని గుర్తించుటకు, అంకె హఠాత్తుగా మారినప్పుడు హెచ్చరికగా అది పనికివస్తుంది. పరీక్షకు బదులుగా మాత్రం పనికిరాదు.

కనుక మేము డిమాండు చేస్తున్నాము: ప్రతి కాలనీలోను, రన్నింగు రూములోను, తపాలా కార్యాలయంలోను కుళాయి వద్దనే నీరు పట్టి క్రిమి పరీక్ష జరపాలి. అక్కడ క్లోరిన్ శేషం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము ఉన్నదో లేదో చూడాలి. బోరు నీటికి ఆర్సెనిక్, ఫ్లోరైడు పరీక్షలు చేయించాలి. ఫలితాలను తేదీతోసహా నోటీసు బోర్డుపై అంటించాలి.

శాఖా కార్యదర్శులారా! ఇకమీదట ఎవరైనా మీటరు చూపితే, ప్రయోగశాల నివేదిక ఎక్కడని లిఖితపూర్వకంగా అడగండి. సమాధానం వచ్చేవరకు ఆ ఫైలు మూయనీయకండి!